ఎంగిలి రాలే చోటు

మా పెరటి జామచెట్టు మీద చిలకలున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఒక్కటీ కనపడేది కాదు. ఆరేడేళ్ళ పిల్లని. చెట్టు కింద నిలబడి మెడ పీకేదాకా పైకి చూసేదాన్ని. ఆకులు, ఆకుల సందుల్లో ఆకాశం, పండీ పండని కాయలు. అంతే. ఇంతలో తాతయ్య వెనకనుంచి వచ్చి గట్టిగా ఒక్క చప్పట కొట్టేవాడు. చెట్టులో సగం విడిపోయి లేచినట్టు పది పన్నెండు చిలకలు కీచుకీచుమంటూ ఒక్కసారే ఎగిరిపోయేవి. అన్ని చిలకలూ అంతసేపు నా నెత్తి మీదే ఉన్నాయంటే ఏడుపొచ్చేది.

"పైకి చూస్తే ఏం కనపడతయ్యే తల్లీ? నేల చూడు," అన్నాడు ఒకరోజు. "చిలక కనపడదు. దాని ఎంగిలి కనపడిద్ది."

నేల చూశాను. ఎండిన జామాకుల మీద కాయ ముక్కలు, ఇంకా తడి ఆరని గుజ్జు, తొక్క మీద ముక్కు దించిన గాట్లు. చూస్తుండగానే నా కాలి ముందు ఇంకో ముక్క టప్పున పడింది. అది పడ్డ చోటు నుంచి చూపు తిన్నగా పైకి జరిపాను. మొదట కొమ్మ. తర్వాత ఆకుల మధ్య ఎర్రగా, వంపుగా ఏదో కదిలింది. ముక్కు. ఆ ముక్కు పట్టుకుని చూస్తుంటే దాని వెనక ఒక కన్ను, కంటి వెనక తల, కిందికి వేలాడే పొడుగాటి తోక నెమ్మదిగా తేలాయి. ముగ్గులో చుక్కలు ఒక్కొక్కటే కలుపుతుంటే ఉన్నట్టుండి పువ్వు తేలుతుంది చూడండి, అలాగ. అది ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో కాయముక్క పట్టుకుని, కొరికినదాంట్లో సగం పారేస్తూ తింటోంది. కుయ్యి కయ్యి అనడం లేదు. ఎగిరేటప్పుడు ఊరంతా వినపడేట్టు అరిచే పక్షి, తినేటప్పుడు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.

మాది పల్నాడు. చిలకలూరిపేట అనే ఊరు దగ్గర్లోనే ఉండడం వల్ల, చిలకలన్నీ అక్కడే పుట్టి మా ఊరికి వస్తాయని చాలాకాలం నమ్మాను. ఆ రోజుల్లో జొన్న బాగా వేసేవాళ్ళు. కంకి పాలుపోసుకున్న దగ్గర్నుంచి కోతదాకా చేలో మంచె మీద ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. తాతయ్య దగ్గర వడిసెల ఉండేది. నాకు పాత నూనె డబ్బా, ఒక కర్ర ఇచ్చేవాడు. చిలక కనపడితే డబ్బా వాయించాలి. కానీ కనపడేదెక్కడ? జొన్నాకు పచ్చ, చిలక పచ్చ. వాలేటప్పుడు చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. వాలాక అది జొన్నదంటే.

అక్కడ తాతయ్య ఇంకో పాఠం చెప్పాడు. "గాలి లేకుండా కంకి ఊగిందా, అక్కడ ముక్కుంది." నిజమే. మధ్యాహ్నం గాలి పడిపోయి చేనంతా బొమ్మలా నిలబడ్డప్పుడు, నాలుగు సాళ్ళ అవతల ఒక్క కంకి మాత్రం తల ఊపేది. డబ్బా కొట్టేదాన్ని. చిలక కంకినే తుంచుకుని, ముక్కున కరుచుకుని, గట్టు మీది తుమ్మచెట్టు వైపు ఎగిరిపోయేది. చిలక నాశనం చేసినంత పంట అది తినదు. ఆ సంగతి రైతుకి తెలుసు. అయినా మా తాతయ్య వడిసెల రాయిని చిలక మీదికి గురిపెట్టడం నేను చూడలేదు. పక్కనుంచి రివ్వున పోనిచ్చేవాడు.

సాయంత్రం ఇంటికొస్తుంటే ఊరి చివర చింతచెట్టు. గుంపులు గుంపులుగా వచ్చి వాలేవి. గోరింకలూ కాకులూ కూడా అదే చెట్టు. ఆ గోల వింటే చెవులు గడియలు పడేవి. చోటు కోసం కొట్లాటలు, ఎగిరి మళ్ళీ వాలడాలు. సరిగ్గా మసక పడే వేళకి, ఎవరో చెయ్యెత్తి ఆపమన్నట్టు, ఆ గోల కాస్తా అణిగిపోయేది. వందల చిలకల్ని చెట్టు మింగేసి నోరు మూసుకున్నట్టుండేది. నేను చెట్టు కింద ఆగిపోతే తాతయ్య చెయ్యి పట్టుకుని లాక్కుపోయేవాడు. పొద్దుపోయాక చింతచెట్టు కింద పిల్లలు నిలబడకూడదంట.

చిలక రంగు గురించి నాకు మొదట అనుమానం వచ్చింది ఒక ఈక దగ్గర. మిగతా పిల్లలు పుస్తకంలో నెమలీక దాచుకుని అది పిల్లలు పెడుతుందని ఎదురుచూసేవాళ్ళు. నాకు నెమలీక దొరకలేదు. జామచెట్టు కింద చిలకీక దొరికింది. తెలుగు వాచకంలో పెట్టుకున్నాను. ఒకరోజు బళ్ళో కిటికీ పక్కన కూర్చుని దాన్ని ఎండకి అడ్డంగా పట్టి చూస్తే పచ్చదనం పోయింది! ఏదో మసక రంగు, మట్టి రంగులాంటిది. కిందికి దించి వెలుతురు పైనుంచి పడేలా పట్టుకుంటే మళ్ళీ పచ్చ. రంగు ఈకలో ఉంటే ఎటు తిప్పినా ఉండాలి కదా. పక్కపిల్లకి చూపించాను. దానికది పెద్ద విశేషంగా తోచలేదు.

జవాబు చాలా ఏళ్ళకి దొరికింది. చిలక ఈకలో ఆకుపచ్చ రంగు పదార్థం లేదు. ఉన్నది పసుపు. ఆ పసుపు రంగుల జాతిని సిటాకోఫల్విన్లు అంటారు. ఇవి చిలకల జాతికి తప్ప ఇంకే పక్షికీ లేవు. చాలా పక్షులు తమ పసుపునీ ఎరుపునీ తిండిలోంచి తెచ్చుకుంటాయి. చిలక మాత్రం తన పసుపుని ఈక మొలిచేచోట తానే తయారుచేసుకుంటుంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జీ చిలకల్లో ఈ పసుపు తయారీకి కారణమైన జన్యువుని 2017లో గుర్తించారు. అది చెడిపోయిన బడ్జీలే మనం పంజరాల్లో చూసే నీలం బడ్జీలు.

మరి ఆ నీలం ఎక్కడిది? అది రంగు పదార్థమే కాదు. ఈక పీచులో, మన గోళ్ళలో ఉండే కెరటిన్ లాంటిదే, సన్నటి రంధ్రాలతో స్పాంజిలా అల్లుకుని ఉంటుంది. వెలుతురు ఆ రంధ్రాల్లో పడి చెదిరేటప్పుడు నీలం ఒక్కటే బలంగా మన కంటికి తిరిగి వస్తుంది. కింద ఉన్న నల్లటి మెలనిన్ మిగతా వెలుగుని తాగేస్తుంది. ఆ నీలం పసుపులోంచి బయటికొస్తే పచ్చ. కిటికీ దగ్గర నేను చేసిందల్లా వెలుతురు వచ్చే దిక్కు మార్చడమే. తిరిగి రావాల్సిన నీలం నా వైపు రాలేదు, పచ్చ మాయమైంది. ఆకు పచ్చగా ఉండేది పత్రహరితం వల్ల. చిలక పచ్చగా ఉండేది పసుపూ వెలుతురూ కలిసి. దారులు వేరు, చేరింది ఒకే రంగుకి.

ఇది చదివిన రోజు నాకు నాయనమ్మ మాట గుర్తొచ్చింది. ఆవిడ పసుపు రాసిన గడపనీ పచ్చగా ఉందనేది, వరిచేనునీ పచ్చగా ఉందనేది. పచ్చని చేలు, పచ్చని మేనిఛాయ, పసుపుపచ్చ, ఆకుపచ్చ. మన భాష ఈ రెంటినీ ఒకే మాటలో పెట్టుకుంది. బళ్ళో రంగుల పేర్లు నేర్చుకునేటప్పుడు ఇదేం గందరగోళం అనుకున్నాను. చిలక ఈక తెలిశాక ఆ మాట నాకెంత ఇష్టమైందో చెప్పలేను.

పచ్చ ఒక్కటే అయితే చిలక అంత బాగా దాక్కోలేదు. రామచిలకని దగ్గరగా చూస్తే ఒళ్ళంతా ఒకే పచ్చ కాదు. వీపు ముదురు, పొట్ట లేత, తోక పైన నీలం జీర, తోక కింద పసుపు. చెట్టు కింద నిలబడ్డ పిల్లకి కనపడేది ఆ లేత పొట్టా, పసుపు తోకే. ఎండ పడ్డ ఆకుని కిందనుంచి చూస్తే అదీ అదే రంగు. పైనుంచి డేగ చూసేది వీపుని. అదీ ఆకు పైభాగంలాగే ముదురు. మూరెడు కూడా లేని పక్షి, అందులో సగం పైగా తోకే. ఆ తోక ఆకుల మధ్య వేలాడుతుంటే అదీ ఒక పొడుగాటి ఆకే.

ఆకు లేనిచోట చూడాలి ఆ చిలకని. మాఘం, ఫాల్గుణంలో మా చెరువుకట్ట మీది బూరుగుచెట్టు ఆకంతా రాల్చి ఒట్టి ఎర్రపూలతో నిలబడేది. తేనె కోసం చిలకలు వచ్చేవి. ఒక్కొక్కటీ ఆకాశం మీద గీసినట్టు, చాలా దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. అక్కడ వాటి తీరే వేరు. జామచెట్టు మీద మనిషి కిందికొచ్చినా కదలని చిలక, బూరుగు మీద కట్ట మలుపులో అడుగు చప్పుడుకే లేచిపోయేది. తన రంగు ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో దానికి బాగా తెలుసని నాకనిపించేది. ఇంకోసారి మిరప కళ్ళంలో చూశాను. నేలంతా పరిచిన ఎర్రటి మిరపకాయలు, వాటి మధ్య ఒక్క చిలక. పొలం అవతలి గట్టు మీదివాళ్ళకి కూడా కనపడింది, అందరూ కేకలేశారు. పండు మిరపకాయ అంత తీరిగ్గా ఎలా తింటుందా అనుకునేదాన్ని. ఆ కారం పక్షులకి తెలియదు. నాయనమ్మ మాత్రం, "అది తినీ తినీ ముక్కు ఎర్రబడింది చూడు," అనేది.

చిలక ఇంకోచోట కూడా బయటపడుతుంది. తొర్ర దగ్గర. మా పొలం దారిలో పిడుగు పడి తల విరిగిన తాటిచెట్టు మోడుగా నిలబడి ఉండేది. దాని తొర్రలో ఏటేటా చిలకలు పిల్లల్ని చేసేవి. బూడిదరంగు మోడు, దాని మీద పచ్చటి పక్షి. మెడకి గులాబీ పట్టీ, గడ్డం కింద నల్లగీత ఉన్నది మగది. ఆ పట్టీ రెండు మూడేళ్ళ వయసొస్తే గాని రాదు. పట్టీ లేనిది ఆడది. అదే ఎక్కువసేపు తొర్రలో ఉండేది. తల మాత్రం బయటపెట్టి చూసేది.

తొర్రకీ రంగుకీ ఉన్న సంబంధం తెలియాలంటే ఎక్లెక్టస్ చిలకల కథ వినాలి. న్యూగినీలోనూ, ఆస్ట్రేలియా ఉత్తరం కొసన కేప్ యార్క్ అడవుల్లోనూ ఉంటాయి. మగది నిండు పచ్చ. ఆడది ఎర్రగా, పొట్ట దగ్గర నీలంగా ఉంటుంది. ఎంత వేరుగా ఉంటాయంటే, అవి రెండు వేర్వేరు జాతులని చాలాకాలం అనుకున్నారు. శాస్త్రవేత్త రాబర్ట్ హైన్సన్, ఆయన తోటివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ అడవిలో చెట్లెక్కి చూసి 2005లో కారణం చెప్పారు. అక్కడ మంచి తొర్రలు తక్కువ. తొర్ర దొరికిన ఆడది నెలల తరబడి దాన్ని వదిలి కదలదు. ‘ఈ తొర్ర నాది’ అని దూరానికే తెలిసేలా ఎర్రగా ఉంటుంది, ప్రమాదం వస్తే లోపలికి దూరుతుంది. దానికీ పిల్లలకీ తిండి తెచ్చేది మగవి. అవి రోజంతా చెట్లన్నీ తిరగాలి, పైన డేగలుంటాయి. అందుకే ఆకుల్లో కలిసిపోయే పచ్చ. ఇంకో మెలిక కూడా ఉంది. చిలకల కంటికి మనకి కనపడని అతినీలలోహిత కాంతి కూడా కనపడుతుంది. మగదాని పచ్చలో ఆ మెరుపు ఉంది. డేగ కంటికి ఆకు, ఆడచిలక కంటికి మెరిసే మగడు. ఒకే ఈక ఇద్దరికి రెండు సంగతులు చెబుతోంది.

నేనిదంతా చదివేటప్పుడు నా కళ్ళ ముందు ఆ తాటిమోడే ఉంది. ఎందుకంటే ఆ తొర్రలోంచే ఒక పిల్లని మా బాబాయి దించాడు.

నాకోసమే దించాడు. ఈకలు అప్పుడప్పుడే వస్తున్నాయి. నాయనమ్మ ఒప్పుకోలేదు. భద్రాచలం గుడి కట్టించిన రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్ళు మగ్గింది, వెనకటి జన్మలో చిలకని పంజరంలో పెట్టినందుకేనని కథ చెప్పి, మనకొద్దురా అంది. బాబాయి నవ్వి ఊరుకున్నాడు. 1972 వన్యప్రాణి చట్టం ఒకటుందనీ, చిలకని పట్టడం, పెంచడం నేరమనీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలకని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఆ తర్వాత కూడా వసారాల్లో పంజరాలు నేను చూస్తూనే ఉన్నాను. చూసినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళతో మాట్లాడకుండా రాలేను.

నానబెట్టిన శనగపప్పు, జామకాయ పెట్టి పెంచాం. బాబాయి రెక్కల ఈకలు కత్తిరించాడు. మా వసారా గోడకి తెల్లసున్నం. పంజరం దానికి ఆనించి వేలాడదీశారు. వీధిలో పోయే ప్రతివాళ్ళూ "అబ్బ, ఎంత పచ్చగా ఉందో" అనేవాళ్ళు. నిజంగానే అంత పచ్చటి చిలకని నేను చెట్టు మీద ఎప్పుడూ చూడలేదు. చెట్టు మీద ఆ పచ్చ దాన్ని దాస్తుంది, తెల్లగోడ మీద అదే పచ్చ దాన్ని పట్టిస్తుంది. కాకి చూసేది, పిల్లి చూసేది. పిల్లి పంజరం కిందికొస్తే అది ఎగరడానికి చూసేది కాదు. మెడ ముడుచుకుని, ఈకలు ఒంటికి అదుముకుని, కొయ్యబొమ్మలా ఉండిపోయేది. ఆకుల్లో అయితే అది సరైన ఎత్తు. తెల్లసున్నం ముందు దానికి అర్థం లేదు.

న్యూజిలాండ్‌లో కాకాపో అనే చిలక ఉంది. ఎగరలేదు, రాత్రుళ్ళు నేల మీద తిరుగుతుంది. నాచు పట్టిన రాయిలా పచ్చా పసుపూ మచ్చల ఒళ్ళు. భయమేస్తే అదీ కదలకుండా నిలబడిపోతుంది. పైనుంచి కంటితో వెతికే పెద్దపెద్ద పక్షుల దగ్గర వేల ఏళ్ళు ఆ ఎత్తు పనిచేసింది. మనుషులు ఓడల్లో పిల్లుల్నీ ఎలుకల్నీ తెచ్చారు, తర్వాత స్టోట్లనే చిన్న వేటజంతువుల్నీ వదిలారు. వాటికి కన్ను అక్కర్లేదు, వాసన చాలు. కదలకుండా నిలబడ్డ కాకాపోలు నిలబడ్డచోటే చచ్చిపోయాయి. 1995 నాటికి 51 మిగిలాయి. పేర్లు పెట్టి, దీవుల్లో ఒక్కొక్కదాన్ని కాపాడుకుంటూ వస్తే 2022లో 252 అయ్యాయి. ఆ పక్షి గురించి చదివినప్పుడు నాకు మా వసారాలో బిగుసుకుపోయిన మా చిలకే కనపడింది.

దానికి మాటలు కూడా నేర్పాం. నేర్పిందేమీ లేదు, నాయనమ్మ నన్ను పిలిచే పిలుపు అదే పట్టుకుంది. "అమ్మలూ" అనేది, అచ్చం ఆవిడ గొంతే. నేను పెరట్లో ఉండి "ఆఁ, వస్తున్నా" అని పరిగెత్తుకొచ్చి చూస్తే అది పిలిచిందన్నమాట.

ఏడాది దాటాక పాత ఈకలు రాలి రెక్కలకి కొత్తవి వచ్చాయి. బాబాయి అప్పుడు ఊళ్ళో లేడు. వేపపళ్ళు రాలే రోజులు. నేను గిన్నెలో నీళ్ళు మార్చి, పంజరం తలుపు గడి వెయ్యడం మర్చిపోయాను. అది ముక్కుతో పట్టుకుని, కాళ్ళతో పాకి పంజరం మీదికెక్కి, అక్కణ్ణుంచి ఒక్క ఊపున వాకిట్లో వేపచెట్టు మీద వాలింది. నా కళ్ళ ముందే వాలింది. ఏ కొమ్మ మీద వాలిందో కూడా చూశాను. రెప్ప వేసి తీస్తే అక్కడ ఆకులే ఉన్నాయి.

ఆ సాయంత్రం చెట్టులోంచి "అమ్మలూ" అని వినపడింది. మర్నాడు కూడా. ఒకటే పిలుపు. చెట్టే నన్ను పిలుస్తున్నట్టుండేది. కింద పిల్లి కూర్చుని ఉంది, ఆ పిలుపు వచ్చినప్పుడల్లా తలెత్తేది. పై కొమ్మలో కాకులు చేరాయి. తాతయ్య కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. "దాన్ని అరవకుండా ఉండమని ఎవరు చెబుతారు," అన్నాడు నాయనమ్మతో. "చెట్టు మీద నోరు మూసుకోవాలని తల్లి నేర్పాలి. మనం నేర్పింది పిలుపు." తినేటప్పుడు జామచెట్టు మీది చిలకలు ఎందుకు పలకవో నాకప్పుడు అర్థమైంది. ఒంటి రంగు సగమే, మిగతా సగం ఆ మౌనం. అది దాని దగ్గర లేకుండా చేసింది మేము.

మూడోరోజు పొద్దున చెట్టు పలకలేదు. మధ్యాహ్నం దాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కాకులు లేవు, పిల్లీ లేదు. నేను ఏడుపు మొదలుపెట్టాను. అన్నం తిననన్నాను. తాతయ్య నా జబ్బ పట్టుకుని వేపచెట్టు కిందికి తీసుకెళ్ళాడు. పైకి చూడబోయాను. నా తలమీద చెయ్యి పెట్టి కిందికి వంచాడు.

పొద్దున నాయనమ్మ ఊడ్చి కళ్ళాపి చల్లిన నేల. దాని మీద వేపపండు తొక్కలు, రెండుగా చీల్చినవి, గుజ్జు ఇంకా జిగటగానే ఉంది. వేలితో ముట్టుకుని చూశాను.